పండింది

నేను జన్మలో కనిపెట్టింది ఒకే ఒక్క గాజు. దాంతోపాటు ఒక మాటను కూడా జనంలోకి వదిలాను. గాజు ఏ తప్పూ చెయ్యలేదు. ఆ మాట నా నోట్లోంచి రాకుండా ఉంటే మా తమ్ముడి కూతురికి ఈపాటికి రెండేళ్ళు నిండేవి.

మాది పెడన. అద్దకం పని చేసే ఇల్లు. మా అమ్మ నాంచారమ్మ నలభై ఏళ్ళు కలంకారీ బట్టలు ఉడకబెట్టింది. పటిక నీళ్ళతో అచ్చు కొట్టిన చోట గుడ్డ మీద పెద్దగా ఏమీ కనిపించదు. అదే గుడ్డను రాగి కాగులో రంగుతో కలిపి ఉడకబెడితే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు లేస్తుంది. అప్పుడు అమ్మ కర్రతో గుడ్డ పైకెత్తి చూసి, "పండిందే" అంటుంది. సరిగ్గా లేవకపోతే ఆ పొద్దంతా ఎవరితోనూ మాట్లాడదు. నేను రసాయనశాస్త్రం కాలేజీలో చదివానని అందరూ అనుకుంటారు గానీ, నా అసలు చదువు ఆ కాగు దగ్గరే అయింది.

విజయవాడలో మేం పనిచేసే ప్రయోగశాల చిన్నది, నాలుగు గదులు. దానికి పెద్ద డాక్టర్ సువార్త గారు. ముప్పై ఏళ్ళు కాన్పులు చేసి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చేతుల్లోనే పోగొట్టుకుని విసిగిపోయిన మనిషి. నన్ను పనిలోకి తీసుకునేటప్పుడు ఆవిడ ఒక్కటే అడిగారు.

"హైమావతీ, లోపల జరిగేది బయటికి రంగులో కనిపించేలా చెయ్యగలవా?"

"మా ఇంట్లో చేసే పని అదేనండీ," అన్నాను. పొగరుగానే అన్నాను.

ఆవిడ వెతుకుతున్నది మాయలో ఉండే ఒక గడియారం. బిడ్డతోపాటు పెరిగే మాయ తల్లి రక్తంలోకి ఒక హార్మోను వదులుతుంది. నెలలు గడిచేకొద్దీ అది మెల్లగా పెరుగుతుంది. ముందే కాన్పు కాబోయే తల్లిలో మాత్రం అది తొందరపడుతుంది. ఇంకా నొప్పులు లేవు, ఏమీ లేవు, తల్లి నవ్వుతూ తిరుగుతూ ఉంటుంది, లోపల గడియారం మాత్రం పరుగు అందుకుంటుంది. రక్తం తీసి చూస్తే తెలుస్తుంది. కానీ పొద్దున్నుంచీ సాయంత్రం దాకా షెడ్డులో అచ్చులు కొట్టే ఆడదాని రక్తం రోజూ ఎవరు తీస్తారు? చెమట మాత్రం రోజూ పోస్తుంది. ఆ చెమటలో పిసరంత ఉన్న హార్మోనును పట్టుకుని ఎరుపు లేచేలా చెయ్యడం నా పని.

నాలుగేళ్ళు పట్టింది. పచ్చగాజు లోపలి వైపు సన్నటి పూత. బ్యాటరీ అక్కర్లేదు, తీగ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. మూడు వందల పన్నెండో పూత వేసిన రోజు, ఏడో నెలలో కాన్పయిన ఒక తల్లి దగ్గర కాన్పుకు ముందే తీసి దాచిన చెమట చుక్క దాని మీద వేసి టీ తాగడానికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి గాజు ముక్క దానిమ్మ గింజ రంగులో ఉంది. నేను పట్టకారుతో పైకెత్తి, అచ్చం మా అమ్మలాగే, "పండిందండీ" అన్నాను. సువార్త గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాత మా ల్యాబులో ఎవరూ ఎర్రబడింది అనలేదు. ఇవాళ ఎన్ని పండాయి, నిన్నటివి పండాయా, ఇదే మాట. చివరికి నోటు పుస్తకాల్లో కూడా అదే రాసుకున్నాం. పండటమంటే మాకు పని నెగ్గడం. గాజు తొడుక్కున్న తల్లికి అది ఎలా వినిపిస్తుందో నేనొక్కదాన్నైనా ఆలోచించాల్సింది. ఆ మాట తెచ్చింది నేను గదా.

నా తమ్ముడు సాంబ పెళ్ళాం పేరు కోమలి. ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేసేవాళ్ళు. బల్ల ముందు నిలబడి అచ్చు ఎత్తడం, ముంచడం, కొట్టడం, మళ్ళీ ఎత్తడం. ఆ షెడ్డులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. అందుకని వాళ్ళు పొద్దున తాగిన గ్లాసుడు నీళ్ళతోనే సాయంత్రం దాకా గడిపేస్తారు. కోమలికి మొదటి కాన్పు ఏడో నెలలోనే అయిపోయింది. మగబిడ్డ. మూడు రోజులు ఉన్నాడు. పేరు కూడా పెట్టలేదు. ఏడాది తిరక్కుండానే మళ్ళీ నెల తప్పితే, నాలుగో నెలలో నేనే విజయవాడ తీసుకొచ్చి సువార్త గారి ముందు కూర్చోబెట్టాను.

"మూత్రానికి వెళ్తే మంటగా ఉంటుందామ్మా?"

"షెడ్డులో అందరికీ ఉంటదండీ."

"పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందా?"

"అది చిన్నప్పట్నించీ ఉన్నదేనండీ."

"అన్నం సరిగ్గా తింటున్నావా? రక్తం ఎనిమిదిన్నరే ఉంది."

"తింటన్నానండీ," అంది కోమలి, నా వైపు చూసి. అబద్ధమని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

స్కాను తీయించి, మంటకు మందులు రాసి, కోమలిని బయట కూర్చోమని పంపాక సువార్త గారు నన్ను ఆపారు. "చిగుళ్ళు, మంట, రక్తం తక్కువ, రోజంతా నిలబడటం, కాన్పుకీ కాన్పుకీ ఎడం లేకపోవడం. వీటిలో ఏ ఒక్కటైనా అయితే సర్దుకుపోవచ్చు హైమా. అన్నీ కలిసి ఒకే మనిషి మీద పడ్డాయి. అన్నిటికన్నా, ఇదివరకు ఒకసారి ముందే అయింది. గర్భసంచి మూతి ఇప్పటికి బాగానే ఉంది. ఎప్పటిదాకా ఉంటుందో చెప్పలేను."

"గాజు వేద్దామండీ," అన్నాను.

"వేద్దాం. కానీ రంగు మారితే ప్రమాదం అని మాత్రం చెప్పకు. ఒక బిడ్డను పోగొట్టుకున్న పిల్ల. పగలూ రాత్రీ గాజు వంక చూస్తూ కూర్చుంటుంది. ఆ భయం కూడా ఒంటిని తొందరపెడుతుంది. పండితే ఫోన్ చెయ్యమను, చాలు. మిగతాది మనం చూసుకుందాం."

నాకు ఆ ఉపాయం నచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది గానీ, ఆ రోజు మాత్రం బాగా నచ్చింది.

వైశాఖంలో, అయిదో నెలలో కోమలికి సీమంతం చేశాం. అందరూ తొడిగిన పచ్చగాజుల మధ్య మా గాజు కూడా తొడిగాను. మా అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, "నాలుగేళ్ళ పాటు ఈ ఒక్క గాజు చేశావటే? మన వీధి చివర గాజులాయన పూటకి గంపెడు అమ్ముతాడు," అంది. పేరంటాళ్ళు నవ్వారు. కోమలి మాత్రం నవ్వలేదు. గాజు మీద వేలు పెట్టి నిమురుతూ అడిగింది.

"పండితే ఏమవుద్ది వదినా?"

"నాకు ఫోన్ చెయ్యి. అంతే."

"మంచిదేనా?"

"నీ మంచికేలే," అన్నాను.

అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. అంత తెలివిగా మాట్లాడానని ఆ పూట నాకు సంబరంగా కూడా ఉంది.

ఆషాఢం వచ్చింది. కోమలికి ఏడో నెల నడుస్తోంది. నేను అంతకు రెండు వారాల ముందు వెళ్ళి చూశాను, గాజు పచ్చగానే ఉంది. ఒక సోమవారం సాయంత్రం మా అమ్మ ఫోన్ చేసింది. వీధిలో ఆడవాళ్ళంతా కలిసి గోరింటాకు కోశారట, మా ఇంటి రోట్లోనే రుబ్బుతున్నారట. "నీకూ ఓ ముద్ద పంపేదా? ఎప్పుడు చూసినా ఆ రసాయనాలు పూసుకున్న గోళ్ళే గానీ," అని కాసేపు తిట్టి పెట్టేసింది.

మర్నాడు మంగళవారం. హైదరాబాదు నుంచి డబ్బు పెట్టగల అయిదుగురు పెద్దవాళ్ళు మా గాజును చూడటానికి వచ్చారు. వాళ్ళు ఊఁ అంటే జిల్లాలో నాలుగు వేల మందికి గాజులు వేయొచ్చు. తెర మీద గీతలు చూపించి చెబుతున్నాను. పదకొండింటికి ఫోన్ మోగింది, కోమలి. క్షమించమని చెప్పి వరండాలోకి వచ్చాను.

"వదినా, పండింది."

"అప్పుడే? బాగా పండిందా?"

"పొద్దున లేచి చూసుకుంటే ఎంత ఎరుపో. అత్తయ్య కూడా చూసింది. ఇంత ఎరుపు నేను కాగులో కూడా తియ్యలేదే అంది."

నాకు నవ్వొచ్చింది. "అయితే మా తమ్ముడికి నువ్వంటే ప్రాణమన్నమాట."

"పో వదినా," అని సిగ్గుపడి నవ్వింది. "మరి నేనేం చెయ్యాలి?" అంది.

"ఏం చేస్తావు, నలుగురికీ చూపించుకో. సంతోషం. పండంటి బిడ్డ పుడుతుందిలే."

"నిజంగా వదినా?"

"నిజంగానే. నేను తర్వాత మాట్లాడతా, లోపల పెద్దవాళ్ళున్నారు."

అంతే. తర్వాత ఫోన్లో చూసుకున్నాను, నలభై ఒక్క సెకన్లు. గోరింటాకు పండితే ఎవరైనా ఏం చెయ్యాలని అడుగుతారా? ఆ ఒక్క ప్రశ్నకైనా నాకు బుద్ధి రావాల్సింది. ఏది పండిందని అడగడానికి ఎంతసేపు పడుతుంది? మన మాటల్లో ఏది అన్నది చెప్పక్కర్లేదు. వచ్చింది, పోయింది, అయింది, పండింది అంటే చాలు, మిగతాది వినేవాళ్ళే పూరించుకుంటారు. ఆమె గాజు అనుకుని చెప్పింది, నేను గోరింటాకు అనుకుని విన్నాను. ఇద్దరం ఒకే మాట మీద నవ్వుకున్నాం.

మళ్ళీ లోపలికి వెళ్ళి తెర ముందు నిలబడి, "గాజు పండాక సగటున తొమ్మిది రోజులు మన చేతిలో ఉంటాయి," అని చెప్పాను. ఆ గీత కింద వేలు పెట్టి మరీ చూపించాను. వాళ్ళు తలలూపారు. సాయంత్రానికి ఊఁ అన్నారు. సువార్త గారు స్వీట్లు తెప్పించారు. నేను రెండు తిన్నాను.

ఆ తర్వాతి బుధవారం మధ్యాహ్నం సాంబ ఫోన్ చేశాడు. షెడ్డులో నిలబడి ఉండగానే కోమలికి ఉమ్మనీరు పోయిందట, ఆటోలో బందరు తీసుకెళ్తున్నారట. నేనూ సువార్త గారూ కారులో బయల్దేరాం. దారి పొడుగునా ఆవిడ అక్కడి డాక్టర్లతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నారు. నేను మాత్రం గాజు గురించే ఆలోచిస్తున్నాను. గాజు పని చెయ్యలేదు, పూతలో లోపం ఉంది, నాలుగు వేల గాజులు ఆపించాలి అని. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ముందు నాకు వచ్చిన ఆలోచన అదే.

మేం వెళ్ళేసరికి కాన్పయిపోయింది. ఆడపిల్ల. తొమ్మిది వందల గ్రాములు. అక్కడివాళ్ళు చెయ్యగలిగిందంతా చేస్తున్నారు. పిల్ల ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. అంత చిన్న పిల్లను విజయవాడ కదిలించే పరిస్థితి లేదన్నారు.

కోమలి మంచం మీద కళ్ళు తెరిచి పడుకుని ఉంది. చెయ్యి దుప్పటి మీద ఉంది. మంచం పక్కన కూర్చుని ఆ చెయ్యి చూశాను. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. అరచేయి తెల్లగా ఉంది. ఎక్కడా గోరింటాకు మచ్చ కూడా లేదు. మణికట్టు దగ్గర పచ్చగాజుల మధ్య ఒకే ఒక్క గాజు ఎర్రగా ఉంది.

సువార్త గారు వంగి గాజు చూశారు. "ఇది ఎప్పుడు పండిందమ్మా?"

"పోయిన మంగళవారమండీ."

ఆవిడ నా వైపు తిరిగారు. "నీకు ఫోన్ చెయ్యలేదా?"

కోమలే అంది, "చెప్పాను గదా వదినా." తప్పు పట్టినట్టు అనలేదు. తను చెప్పిన పని చేసిందని నేను డాక్టరు గారికి సాక్ష్యం చెప్పాలన్నట్టు అంది. "సంతోషం అన్నావు గదా. పండంటి బిడ్డ అన్నావు."

"గోరింటాకు అనుకున్నాను కోమలీ."

కోమలి చెయ్యి తిప్పి అరచేయి చూసుకుంది. "నాకు పెట్టలేదు వదినా. జలుబు చేస్తదని అత్తయ్య వద్దంది."

తలుపు దగ్గర నిలబడ్డ మా అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడే ఇంజెక్షన్లు ఇవ్వొచ్చు. మళ్ళీ మొదలైన మంటకు మందు వెయ్యొచ్చు. షెడ్డు మాన్పించి, పెద్ద యంత్రాలున్న ఆసుపత్రి పక్కనే మంచం వేసి పడుకోబెట్టొచ్చు. అన్నీ చేసినా బతికేదని ప్రమాణం చేసి చెప్పలేను. కానీ అవన్నీ చెయ్యడానికే గదా నేను నాలుగేళ్ళు పూతలు పూసింది. పిల్ల మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంది. ఈసారి కోమలి పేరు పెట్టింది. ఆ పేరు మా ఇంట్లో ఎవరం పైకి అనం, ఇక్కడ రాయను కూడా.

విచారణలో సువార్త గారు తప్పు తన మీద వేసుకున్నారు. "అలా చెప్పమన్నది నేను," అన్నారు. "ఆ మాట నాదండీ, ఫోన్ ఎత్తింది కూడా నేనే," అన్నాను. ఇద్దరి మాటలూ రాసుకున్నారు. చివరికి వచ్చిన కాగితంలో, పరికరం సక్రమంగా పనిచేసింది అని ఒక వాక్యం ఉంది. అంతకన్నా పెద్ద తిట్టు నేను ఎక్కడా తినలేదు.

మూడు నెలలు పెడన వెళ్ళలేదు. వెళ్ళిన రోజు అమ్మ కాగు దగ్గరే ఉంది. నన్ను చూసి కూడా కర్రతో గుడ్డలు తిప్పుతూనే ఉంది. కాసేపటికి తనే అంది.

"నేనూ చూశానే. ముద్దుగా ఉందనుకున్నా. వీధంతా పిలిచి చూపించా. చేతికి ఎరుపు వస్తే ఏ ఆడదైనా ఏమనుకుంటదే? ఎరుపంటే మనకి భయమెట్టా వేస్తదే?"

"నిజమేనమ్మా."

"ఎరుపుతో మొదలెట్టి వెలిసేలా చెయ్యలేవా? రంగు వెలిసిపోతే మాత్రం ఈ ఊళ్ళో ఒక్క ఆడది ఊరుకోదు. పరుగెత్తుకొచ్చి మొహాన కొడతది."

పూత తిరగెయ్యడానికి నాకు రెండు నెలలు పట్టింది. రెండే నెలలు. ఇంత చదువుకుని, ఇంతమంది పెద్దవాళ్ళకు గీతలు చూపించి, గాజు తొడుక్కునేవాళ్ళలో ఒక్కరినైనా కూర్చోబెట్టి, ఇది ఎర్రబడితే నీకేమనిపిస్తుంది అని అడగలేదు మేం.

ఇప్పుడు గాజు ఎర్రగా మొదలవుతుంది, ప్రమాదం వస్తే వెలిసిపోతుంది. ఎందుకు వెలుస్తుందో, వెలిస్తే ఏమవుతుందో ఉన్నదున్నట్టు చెబుతాం. భయపడతారు. భయపడి ఫోన్ చేస్తారు. పోయిన ఏడాది పందొమ్మిది గాజులు వెలిశాయి, పదిహేడు మంది పిల్లలు ఇళ్ళకు చేరారు.

వాటిని తొడగడానికి మాతో వస్తానని కోమలే అడిగింది. షెడ్డు మానేసింది. మరో కాన్పు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఒకరోజు పెడనలోనే పాతికమంది ఆడవాళ్ళ ముందు తను చెబుతుంటే నేను వెనక కూర్చుని విన్నాను.

"వెలిస్తే వెంటనే ఫోన్ చెయ్యండి. చేసి, వెలిసింది అని ఊరుకోమాకండి. గాజు వెలిసింది అని రెండు మాటలూ చెప్పండి. అవతలోళ్ళు మళ్ళీ అడిగేదాకా పెట్టెయ్యమాకండి." తన మణికట్టు చూసుకుంది. "నేను ఒక్క మాటే చెప్పాను."

తప్పు తన మీద వేసుకుని చెబుతోంది. లేచి, కాదమ్మా, ఈవిడ సరిగ్గానే చెప్పింది, వినాల్సినదాన్ని నేను వినలేదు అని చెబుదామనుకున్నాను. అక్కడ మాత్రం చెప్పలేదు. తర్వాత ఇంటికొచ్చి చెప్పాను. "తెలుసులే వదినా," అంది కోమలి, కూరగాయలు తరుగుతూ. అంతకుమించి ఏమీ అనలేదు. అంటే బాగుండును.

అప్పట్నుంచీ నాకొక అలవాటైంది. ఎవరు ఏం చెప్పినా "ఏది?" అంటాను. వచ్చేసింది అంటే ఏది, అయిపోయింది అంటే ఏది. ల్యాబులో వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఈ ఆషాఢంలో ఒక పొద్దున్నే కోమలి ఫోన్ చేసింది.

"వదినా, పండింది."

"ఏది?" అన్నాను.

"గోరింటాకు వదినా. అత్తయ్య రాత్రి తనే పెట్టింది, ఊరుకోకుండా. ఈసారి గోరింటాకే."

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు. గోరింటాకు పండిందంటే ఎవరైనా చెప్పే జవాబు ఒకటుంది, మొగుడికి నువ్వంటే ప్రాణమని. రెండేళ్ళ కిందట నేను దాన్ని చెప్పకూడని చోట చెప్పేశాను. ఇప్పుడు అనడానికి నోరు రాక, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అలా నిలబడ్డాను. అవతల కోమలి కూడా పెట్టెయ్యలేదు.